వాళ్లకు కావలసింది, మనం ఇచ్చేది



పోయిన నెల మా శనివారం తెలుగు తరగతికి నలుగురు పిల్లలు రావడం మానేశారు. మొత్తం పదకొండు మందిలో నలుగురు. ఒక పాప వాళ్ల అమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడింది కానీ, నన్ను "అక్కా" అనే పిలిచింది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. మా అవ్వకు ఎనభై ఏడేళ్లు. పాప ఆమెతో పది నిమిషాలు మాట్లాడితే చాలని పంపాను. ఏడాది అయింది. పాపకు గుణింతాలన్నీ వచ్చు. అవ్వను 'అన్నం తిన్నావా' అని అడగడం మాత్రం రాదు."

నేనేమీ చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది. గుణింతాలు లేకుండా భాష ఎలా వస్తుంది? చిన్నప్పుడు గుడిలో నేనూ అలాగే నేర్చుకున్నాను. జీతం లేకుండా, ప్రతి శనివారం నా పని మానుకుని చెబుతున్నాను. ఇంకేం కావాలి వీళ్లకు?

ఆ కోపంతోనే ఈ నెల పాఠం కోసం ఒంగోలు చరిత్ర తెరిచాను. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచే వచ్చింది. ఆ తర్వాత కూడా మన పెద్దలు ఎందరో మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. వాళ్లు వదిలివచ్చిన పల్లెల్లో ఆ రోజుల్లో ఏం జరిగిందో పిల్లలకు చెప్పాలనుకున్నాను.

అమెరికా బాప్టిస్టు మిషనరీలు తెలుగు దేశానికి 1836లో వచ్చారు. తర్వాత నెల్లూరులో స్థిరపడ్డారు. సుమారు ముప్పై ఏళ్లు బోధించినా వాళ్లతో చేరినవాళ్లు కొద్దిమందే. 1866లో జాన్ క్లౌ అనే ఆయన ఒంగోలు వచ్చారు. జనం ఆయనను క్లౌ దొర అనేవాళ్లు. అప్పట్లో చాలామంది మిషనరీల ఆశ ఒకటే. ముందు పై కులాలవాళ్లు వస్తారు, వాళ్లను చూసి మిగతా ఊరంతా వస్తుంది.

అలా జరగలేదు. ముందు వచ్చినవాళ్లు మాదిగలు. తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అనే ఆయన వాళ్లకు దారి చూపించారు. పేరయ్య మిషనరీలను చూడకముందే గురువుల దగ్గర దేవుణ్ణి వెతికిన మనిషి. మాదిగలు ఒంగోలు రావడం మొదలుపెట్టగానే, వాళ్లను చేర్చుకుంటే తాము రామని పై కులాలవాళ్లు చెప్పేశారు. క్లౌ దొర మాదిగలనే చేర్చుకున్నారు. తను అనుకున్నది ఒకటి, తన గుమ్మం ముందు నిలబడినది ఇంకొకటి. ఆయన గుమ్మం ముందున్నవాళ్లకే తలుపు తీశారు. ఇక్కడిదాకా చదివి సంతోషపడ్డాను.

తర్వాత కథ అంత సులువు కాదు. కొత్తగా చేరినవాళ్లకు క్లౌ దొర మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. ఆయన దృష్టిలో ఇవి చిన్న నియమాలు, ఎవరైనా గుర్తుపెట్టుకోగలిగినవి. మరి ఆ పల్లెలో వీటి అర్థం ఏమిటి?

ఊళ్లో పశువు చస్తే దాన్ని తీసుకుపోవడం మాదిగల పని. ఆ తోలుతో రైతుకు చెప్పులు కుట్టాలి, కపిల బావికి బాన కుట్టాలి. జాతరలో డప్పు కొట్టాలి. దానికి బదులుగా పంట రోజున కళ్లంలో వాళ్లకు కొంత ధాన్యం కొలిచేవాళ్లు. దాన్ని మేర అనేవాళ్లు. ఇప్పుడు ఆ మూడు నియమాలు మళ్లీ చదవండి. ఆదివారం రైతు బాన చిరిగితే ఎవరు కుడతారు? జాతరకు డప్పు ఎవరు కొడతారు? దొర మాట్లాడింది భక్తి గురించి. కానీ ఆ మాటలు తగిలింది కళ్లంలోని మేరకు. కొన్ని ఊళ్లలో పెద్దలు వాళ్లను బావి దగ్గరకు రానివ్వలేదు, పని ఇవ్వలేదు. అప్పుడు వాళ్లు దొర దగ్గరకు వచ్చి తమ తరఫున అధికారులతో మాట్లాడమన్నారు. ఆయన వచ్చింది బోధించడానికి. వాళ్లకు బోధతోపాటు బడి కావాలి, అర్జీ రాసిపెట్టే మనిషి కావాలి, తమతో సమానంగా కూర్చునే మనిషి కావాలి.

1876లో పెద్ద కరువు మొదలైంది. ప్రభుత్వం తూర్పు తీరంలో బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ దొరకు సర్వే పని తెలుసు. మూడు మైళ్లకు పైగా కాలువ తవ్వే పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. ఆ పనిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం అడుగుతున్నారేమో అని భయం. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు.

కాలువ పని అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులే. అయినా, అన్నం కోసమే చేరారని అనుమానించినవాళ్లు ఉన్నారు.

ఆ అనుమానం దగ్గర నేను ఆగిపోయాను. అన్నం కావాలా, దేవుడు కావాలా అని విడదీసి అడిగింది బయటివాళ్లు. కరువులో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడికి అవి రెండూ వేరువేరుగా కనిపించాయా? నాకు నమ్మకం లేదు. తనకు అన్నం పెట్టిన చేతిని, తన పేరు పెట్టి పిలిచిన నోటిని నమ్మడం మోసం కాదు.

ఈ కథలో మనకూ ఒక భాగం ఉంది. నెల్లూరు వైపు నుంచి నాటాల్ వచ్చిన కూలీల్లో తెలుగు బాప్టిస్టులూ ఉన్నారు. కియర్స్నీ తేయాకు తోటల్లో పనిచేస్తూ, పాస్టర్ లేకుండానే కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లు. తమకు ఒక మనిషిని పంపమని వాళ్లే స్వదేశాన్ని అడిగారు. 1903లో జాన్ రంగయ్య గారు వచ్చారు. పంపింది తెలుగు బాప్టిస్టుల సంఘమే. ఆ ఏడాదే కియర్స్నీలో సంఘం ఏర్పడింది. ఆయన 1915లో చనిపోయేదాకా ఇక్కడే పనిచేశారు. మా కుటుంబం గుడికి వెళ్లే కుటుంబం. అయినా ఈ సంగతి నాకు చాలా నచ్చింది. జనం ముందు అడిగారు, మనిషి తర్వాత వచ్చాడు.

పుస్తకం మూసేసి నా శనివారం తరగతి గురించి ఆలోచించాను. నన్ను ఎవరు అడిగారు? ఏమని అడిగారు? గుణింతాలు కావాలని ఒక్క ఇల్లూ అడగలేదు. నాకు ముఖ్యం కాబట్టి ఇచ్చాను. పిల్లలు మానేస్తే, వీళ్లకు భాష మీద ప్రేమ లేదు అనుకున్నాను. ఆ తల్లికి ప్రేమ లేదా? ఎనభై ఏడేళ్ల అవ్వ కోసం ఏడాదిపాటు ప్రతి శనివారం కారు నడిపింది.

మరుసటి వారం పదకొండు ఇళ్లకూ ఒక కాగితం పంపాను. అందులో ఒకే ప్రశ్న: "మీ పిల్లలు ముందుగా ఎవరితో, ఏ మాట మాట్లాడాలి?" తొమ్మిది ఇళ్లు జవాబు ఇచ్చాయి. అవ్వతో అన్నం గురించి. తాతతో మోకాలి నొప్పి గురించి. ఒక అబ్బాయి తనే రాశాడు: నాన్న కోప్పడినప్పుడు తెలుగులో ఏమంటున్నారో తెలియాలట!

గుణింతాలు మానలేదు. రెండో గంటకు జరిపాను. మొదటి గంట వాళ్లు అడిగిన మాటలకే. నలుగురిలో ఇద్దరు తిరిగి వచ్చారు. ఆ పాప కూడా వచ్చింది. పోయిన ఆదివారం అవ్వను అడిగిందట. అవ్వ, "తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అందట. దానికి ఏం జవాబు చెప్పాలో తెలియక నా దగ్గరకు వచ్చింది. ఈ శనివారం పాఠం అదే.

ఈ నెల మాటలు

మేర: పంట రోజున ఊరి పనివాళ్లకు కొలిచి ఇచ్చే ధాన్యం.
కళ్లం: పంట కోసి, నూర్చి, గింజలు వేరుచేసే చోటు.
బాన: బావిలోంచి నీళ్లు తోడే పెద్ద తోలు సంచి.
అర్జీ: అధికారికి రాసుకునే విన్నపం.

ఇంటిపని: మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక ప్రశ్న తెలుగులో అడగండి. వాళ్లు చెప్పిన జవాబు రాసి పంపండి. తప్పులుంటే పరవాలేదు.