తెర మీద యాంటెన్నా, డాబా మీద యాంటెన్నా

మా హైదరాబాద్‌లో హామ్ రేడియో నేర్చుకునే కుర్రాళ్లు తీగ పట్టుకోకముందే యాంటెన్నా లెక్కల కోసం ల్యాప్‌టాప్ తెరుస్తున్నారు. తప్పులేదు. తెర మీద కనిపించిన అంకెను వేదవాక్కులా నమ్మడమే నాకు నచ్చదు.

ఈ లెక్కలకు ఉచితంగా దొరికే చాలా ప్రోగ్రాములకు మూలం 1981 నాటి నెక్-2. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో తయారైన ఈ పద్ధతి తీగను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో పారే కరెంటును లెక్కగడుతుంది. గొప్ప పనే. అయితే భూమిలో పాతిన తీగలను అది లెక్కించలేదు. మందం మారే గొట్టాల దగ్గర, ఇరుకు కోణంలో కలిసే తీగల దగ్గర తడబడుతుంది. నేలంతా చదునుగా, ఒకే తీరుగా ఉందనుకుంటుంది. మా డాబా స్లాబులో ఇనుప చువ్వలున్నాయని, పక్కనే కరెంటు తీగలు పోతున్నాయని దానికెవరు చెబుతారు?

7.1 మెగాహెర్ట్జ్ డైపోల్ యాంటెన్నాకు దాదాపు 20 మీటర్ల తీగ కావాలని లెక్క తేలుతుంది. అది ఉత్త తీగ లెక్క. ప్లాస్టిక్ తొడుగున్న తీగైతే ఇంకాస్త పొట్టిగా ఉండాలి. అందుకే నేను కొంచెం పొడుగ్గా కట్టి, యాంటెన్నా ఎనలైజర్‌తో కొలుస్తూ కొద్దికొద్దిగా కత్తిరిస్తాను.

శిక్షణ తరగతుల్లో సాఫ్ట్‌వేర్‌కు ఎంత సమయమిస్తారో కొలతకూ అంతే ఇవ్వాలి. రెండు అంకెలకూ తేడా వస్తే, ఎందుకొచ్చిందో విద్యార్థి చేతే వెతికించాలి.