ఏ మందు?

పురుగుమందుల గురించి గత వారం నేను రాసింది చదివి ఒక పాత మిత్రుడు ఫోన్ చేశాడు. మంచివాడే. "అన్నిట్లోకీ కులాన్ని ఎందుకు లాగుతావ్? విషానికి కూడా కులం ఉంటుందా?" అన్నాడు. ఫోన్లో వాదన పెట్టుకోలేదు. ఇక్కడ చెప్తాను.

నా దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్లాడొకడు మిరప సీజన్లో నాలుగు రోజులు క్లాసుకి రాలేదు. వాళ్ల నాన్న కూలికి మందు కొడతాడు. సెంటు భూమి లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ ఎండలో పంపు భుజాన వేసుకుని కొట్టాడు. మధ్యాహ్నానికి నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, చూపు మసక, కండరాలు అదరడం. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోతే డ్యూటీ డాక్టరు మొదట అడిగింది ఒకటే: "ఏ మందు?"

"మిరపకి కొట్టే మందండీ" అన్నాడు పిల్లాడు.

అంతకు మించి వాళ్లకి తెలీదు. డబ్బాలు కొన్నది ఆసామి. డ్రమ్ములో మూడు రకాలు కలిపింది ఆసామి. కూలీ పంపులోకి వచ్చేది తెల్లటి నీళ్లు, అంతే. పిల్లాడు బండి వేసుకుని వెనక్కి వెళ్లి ఆసామి గుమ్మం ముందు నిలబడ్డాడు. "నన్ను కేసులో ఇరికిస్తారా ఏంట్రా" అంటూ ఆ పెద్దమనిషి డబ్బా బయటికి తీయడానికి గంటన్నర పట్టింది. తండ్రి బతికాడు. ఆ ఏడు మళ్లీ పంపు ఎత్తలేదు. మిత్రమా, కొన్న చెయ్యి ఒకటి, కొట్టిన చెయ్యి ఒకటి. విషానికి కులం లేదు, నిజమే. ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోవాలో నిర్ణయించేదానికి ఉంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కాబట్టి మాట దగ్గర కాసేపు ఆగుతాను. మనకి జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, పురుగు మీద కొట్టేదీ మందే. అమ్మేవాడికి ఇంతకంటే అనువైన మాట ఉంటుందా? డబ్బా మీద చట్టం వేయించిన రంగు గుర్తులు ఉన్నాయి: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అంటే అన్నిటికంటే ప్రమాదం. డబ్బానే చూడనివాడికి ఆ రంగులు ఏం చెప్తాయి?

"ఏ మందు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికే పాయిజన్ కంట్రోల్ సెంటర్లు పుట్టాయి. 1953లో చికాగోలో మొదలైంది. డాక్టరైనా, పిల్లాడు ఏదో మింగేశాడని వణుకుతున్న తల్లైనా ఫోన్ చేస్తే, అది ఏ విషం, విరుగుడు ఉందా, ఇప్పుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని చెప్తారు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ కేంద్రం నడుస్తోంది. రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు 1800 116 117. మా స్టాఫ్ రూములో అడిగితే ఒక్కరికీ తెలీదు. నాకూ ఈ పిల్లాడి వల్లే తెలిసింది.

ఫోన్ ఎత్తడం సగం పనే. ఆ ఫోన్లని లెక్కపెట్టడం మిగతా సగం. 2020 మే, జూన్ నెలల్లో అమెరికాలో ఆరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో శానిటైజర్ తాగి మిథనాల్ విషంతో ఆసుపత్రుల్లో చేరినవాళ్ల సంగతి పాయిజన్ సెంటర్లకి వచ్చింది. ఒకచోట చేర్చి చూస్తే 15 మంది. నలుగురు పోయారు. దేశమంతటికీ హెచ్చరిక వెళ్లింది. సరిగ్గా ఆ జూలై చివర్లోనే మన కురిచేడులో, మద్యం షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అందులో బిచ్చమెత్తుకుని బతికేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆ ఒక్కరోజే తాగలేదు, రోజుల తరబడి తాగుతున్నారు. ఒకళ్లకి కడుపు నొప్పి, ఇంకొకళ్లకి వాంతులు అని ఎక్కడా ఒక చిట్టాలోకి ఎక్కలేదు. శవాలు లేచాకే మనకి లెక్క మొదలైంది. తాగుబోతులు కదా అని అప్పుడు నవ్వినవాళ్లు నాకు గుర్తున్నారు.

చట్టం లేక కాదు. 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మందు వాడకం వల్ల విషప్రభావానికి గురైన ప్రతి కేసునీ తెలియజెయ్యాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. "వచ్చు" అన్నారు చూశారా, ఆ రెండక్షరాల్లోనే అరవై ఏళ్ల బద్ధకం దాక్కుంది. 1971 నిబంధనలైతే తయారీదారులు, డిస్ట్రిబ్యూటర్లు విరుగుడు మందుల నిల్వ ఉంచుకోవాలంటాయి. కనిగిరిలో డబ్బాలు అమ్మే కొట్టుకి వెళ్లి అట్రోపిన్ ఉందా అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎలా చూస్తారో. పాము కాటు కేసులన్నీ నమోదు చెయ్యాలని 2024 నవంబర్లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. మంచి పని. డబ్బా కాటుకి ఆ మర్యాద ఎప్పుడు?

లెక్కలోకి రాకపోతే పరిహారంలోకీ రారు. రైతు ఆత్మహత్య చేసుకుంటే పాసుపుస్తకమో కౌలు కార్డో అడుగుతారు. మందు కొట్టి పడిపోయిన మాదిగ కూలీకి ఆ రెండూ లేవు. అతను రైతు కాడు, ఆత్మహత్యా చేసుకోలేదు. మరి ఏ ఖాతా? 2017లో ఆదిలాబాద్ పక్కనే ఉన్న యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అన్ని ప్రాణాలు పోతేగానీ వార్త కాలేదు.

సెంటర్ వస్తే అన్నీ తీరతాయని నేను అనను. శ్రీలంక 1995 నుంచి అతి ప్రమాదకరమైన మందుల్ని ఒక్కొక్కటే నిషేధించింది, ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. మనం మోనోక్రోటోఫాస్ దగ్గరే ఎంత కాలం తిన్నామో చూడండి. 2013లో బీహార్లో మధ్యాహ్న భోజనంలో కలిసి 23 మంది పిల్లలు పోయినా, ఆపమని ఉత్తర్వు వచ్చింది 2023లో. అసలు మన ప్రాంతానికి విషం కొత్తా? కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే ఆ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ గురించి డాక్టర్లు రాశారు. ఇంకా బోరు నీళ్లే తాగుతున్న పల్లెలు ఎవరివో నేను చెప్పక్కర్లేదు.

ఇక పని. తెలుగులో మాట్లాడే పాయిజన్ సెంటర్ రాష్ట్రానికి ఒకటి, రాత్రీ పగలూ. ఒంగోలు 80 కిలోమీటర్లు కాబట్టి కనిగిరి ఆసుపత్రిలోనే సరిపడా అట్రోపిన్, పామ్. 26వ సెక్షన్ కింద ఉత్తర్వు. కూలితో మందు కొట్టించే ఆసామి డబ్బా కూలీకి చూపించి తీరాలి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం, రాగలిగినవాళ్లు పదింటికల్లా రండి. మీ ఇళ్లల్లో ఎవరైనా మందు కొట్టే పనికి పోతుంటే, పంపు ఎత్తే ముందు డబ్బా లేబుల్ ఫోటో తీసి ఉంచమనండి. ఆ పిల్లాడు ఇప్పుడు కాలేజీకి వచ్చే ముందు పొలం గట్టుకి వెళ్లి అదే చేస్తున్నాడు, నాకూ పంపుతున్నాడు. నా ఫోన్లో 41 డబ్బాల ఫోటోలున్నాయి. అర్జీకి అవన్నీ జత చేస్తున్నాం.