ప్రళయ సూచనలు, దేశాల పొత్తులు

ఈ మధ్య జుమా నమాజు ముగించుకుని ప్రత్తిపాడులో టీ కొట్టు దగ్గర కాసేపు ఆగితే చాలు, మాకు ఒకే ప్రశ్న ఎదురవుతోంది. “చాచా, రష్యా, ఇరాన్ ఒక్కటయ్యాయి కదా! ఇక యాజూజ్ మాజూజ్ వచ్చేసినట్టేనా?” అడిగేది చదువుకున్న కుర్రవాడే. అదే బల్ల మీద కూర్చున్న క్రైస్తవ సోదరుని ఫోనులోనూ అదే లెక్క నడుస్తోంది. కాకపోతే అందులో గోగు, మాగోగు అని పేర్లు. ఇద్దరి లెక్కలోనూ లోకం రెండు శిబిరాలు. ఇద్దరి లెక్కలోనూ ఎదుటివాడు శత్రు శిబిరంలోనే ఉన్నాడు. ఒకే చేనుగట్టు పంచుకుని బతికినవారు ఇలా శిబిరాలుగా చీలడం నవ్వి ఊరుకునే విషయం కాదని మా ఉద్దేశం.

బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం 38వ అధ్యాయంలో మాగోగు దేశపు గోగు అనేవాడు పారసీకం, కూషు, పూతు, గోమెరు, తోగర్మా జనాలను వెంటబెట్టుకుని ఇజ్రాయెల్ మీదికి వస్తాడని ఉంది. దానియేలు గ్రంథంలోనూ, ప్రకటన గ్రంథంలోనూ పది కొమ్ముల మృగం ప్రస్తావన ఉంది. గోగు అంటే రష్యా అనీ, పారసీకం అంటే ఇరాన్ అనీ, పది కొమ్ములంటే పది దేశాల కూటమి అనీ చెప్పే వ్యాఖ్యాతలు చాలాకాలంగా ఉన్నారు. గ్రంథాన్ని గౌరవించడం వేరు, పత్రికలో నిన్న వచ్చిన ఒప్పందాన్ని తెచ్చి గ్రంథానికి అతికించడం వేరు. ఈ అతుకు ఎన్నిసార్లు ఊడిపోయిందో చరిత్రే చెబుతోంది.

1939 ఆగస్టులో జర్మనీ, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. గోమెరు అంటే జర్మనీ అని అప్పటికే నమ్ముతున్నవారికి ఇంకేం కావాలి? ప్రవచనం నెరవేరిందన్నారు. రెండేళ్లు నిండకముందే, 1941 జూన్‌లో, హిట్లరు సేనలు అదే సోవియట్ యూనియన్‌పై విరుచుకుపడ్డాయి. 1970లో అమెరికా రచయిత హాల్ లిండ్సే ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ అనే పుస్తకంలో ఐరోపా దేశాల కూటమిని పది కొమ్ములతో ముడిపెట్టాడు. ఆ పుస్తకం లక్షలాదిగా అమ్ముడుపోయింది. 1981లో గ్రీసు చేరడంతో ఆ కూటమి సభ్యులు సరిగ్గా పదిమంది అయ్యారు కూడా. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండు చేశాయి. నేటి ఐరోపా యూనియన్‌లో 27 దేశాలున్నాయి. గోగు సైన్యమని భయపెట్టిన వార్సా కూటమి 1991లో రద్దయింది. అదే సంవత్సరం డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది.

ఇక నేటి సంగతి చూద్దాం. 2024 జనవరిలో ఇరాన్, ఈజిప్టు, ఇథియోపియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ బ్రిక్స్ కూటమిలో చేరాయి. రష్యా, పారసీకం, కూషు ఒక్క గూటికి చేరాయని చెప్పేవారికి ఇది మంచి సరుకు. అయితే ఆ కూటమిని మొదలుపెట్టిన దేశాల్లో మన భారతదేశం కూడా ఉందే! అదే భారత్ 2022లో ఇజ్రాయెల్, అమెరికా, ఎమిరేట్స్‌తో కలిసి ‘ఐ2యూ2’ అనే మరో బృందంలో కూర్చుని ఆహార భద్రత గురించీ, ఇంధనం గురించీ మాట్లాడింది. ఎమిరేట్స్ అయితే 2020 సెప్టెంబరులో ఇజ్రాయెల్‌తో అబ్రహాం ఒప్పందం మీద సంతకం చేసి, తరువాత ఇరాన్ ఉన్న బ్రిక్స్‌లోనూ చేరింది. మరి భారత్ గోగు పక్షమా, ఎదుటి పక్షమా? ఎమిరేట్స్ ఎటు? దేశాలు పొత్తు కట్టేది చమురు కోసం, గోధుమ కోసం, ఆయుధాల కోసం, వ్యాపారం కోసం. అవసరం తీరితే విడిపోతాయి, మళ్లీ అవసరం వస్తే కలుస్తాయి.

ఈ లెక్కలు క్రైస్తవ సోదరులవే అనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. హిజ్రీ 1400 ముహర్రం మొదటి రోజున, అంటే 1979 నవంబరు 20న, జుహైమాన్ అనేవాడి ముఠా తమలో ఒకడిని మహదీగా ప్రకటించి మక్కాలోని పవిత్ర మస్జిదునే ఆక్రమించింది. రక్తపాతం నిషిద్ధమైన ఆ ప్రాంగణంలో రెండు వారాల పాటు కాల్పులు జరిగాయి. ఆ ‘మహదీ’ అక్కడే మరణించాడు. వందలాది ప్రాణాలు పోయాయి. 2014లో ఐసిస్ ముఠా హదీసులో పేరున్న దాబిక్ అనే సిరియా గ్రామాన్ని పట్టుకుంది. తమపై యుద్ధానికి కూడిన దేశాల జెండాలను ప్రచార చిత్రాల్లో చూపించి, చివరి సమరం ఇదేనని యువకులను పిలిచింది. 2016 అక్టోబరులో ఆ ఊరు పెద్ద పోరు లేకుండానే వారి చేయి జారిపోయింది. ఆ పిలుపు నమ్మి ఇల్లు విడిచి పోయిన బిడ్డల తల్లులకు ఎవరు జవాబు చెప్పాలి?

“మరి ఖుర్‌ఆన్‌లో రాజ్యాల గురించి భవిష్యవాణి లేదా?” అని అడగవచ్చు. ఉంది. 614లో పర్షియన్లు రోమన్ల నుంచి జెరూసలేంను లాక్కున్నారు. ఓడిన రోమన్లు కొద్ది సంవత్సరాల్లోనే గెలుస్తారని రూమ్ సూరా ప్రకటించింది. 627లో నీనెవా దగ్గర పర్షియా సేన ఓడింది. అక్కడ పేరు పెట్టినవాడు అల్లాహ్, గడువు చెప్పినవాడు అల్లాహ్. మనం చేస్తున్నది వేరు. పేరు లేనిచోట పేరు పెడుతున్నాం, గడువు లేనిచోట గడువు పెడుతున్నాం. శుక్రవారం నాడు మనం పఠించే కహఫ్ సూరాలో యాజూజ్ మాజూజ్ ప్రస్తావన ఉంది. వారు ఫలానా దేశమని మాత్రం లేదు.

ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్ ఒక్కనికే ఉందని దివ్య ఖుర్‌ఆన్ పలుచోట్ల స్పష్టం చేసింది. ఆ దినమూ, ఆ ఘడియా దేవునికి తప్ప మరెవరికీ తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయం కూడా చెబుతోంది. రెండు ఇళ్లలోనూ ఒకే హెచ్చరిక ఉండగా, రెండు ఇళ్లవారూ దాన్ని దాటుకుని వెళ్లి లెక్కలు కట్టడం ఎంత విచిత్రం!

ఈ లెక్కల నష్టం లెక్కలతో ఆగదు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో హతమైన పౌరులు, ఆ తరువాత గాజాలో హతమైన వేలాది పసిపిల్లలు ఈ చూపుకు మనుషులుగా కనిపించరు, ‘సూచనలు’గా కనిపిస్తారు. సూచన అనుకున్నవాడికి కన్నీరు రాదు, న్యాయం అడగాలనీ అనిపించదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో కుర్రవాడు ఐ.టి.ఐ. రెండో ఏడు ఫీజు కట్టనన్నాడు. “ఎలాగూ లోకం అయిపోతుంటే చదువెందుకు?” అన్నాడట. మిరప కోతలకు కూలికి పోయి ఆ డబ్బు కూడబెట్టిన తల్లి ఏమని బదులిస్తుంది?

ఆమె తరఫున జవాబు మన దగ్గరే ఉంది. ప్రళయం ఎప్పుడని ఒక వ్యక్తి అడిగితే, దానికోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని దైవప్రవక్త (స) ఎదురు ప్రశ్న వేశారు. ప్రళయం వచ్చిపడే వేళకు చేతిలో మొక్క ఉండి, నాటగలిగే వీలుంటే నాటివేయమని కూడా ఆయనే బోధించారు. మిరప నారు పీకి తెచ్చి నల్లరేగడిలో ఒక్కొక్క మొక్కా నాటే మన ఊళ్లవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆ నారు పంటవుతుందో లేదో తెలియదు, వాన వస్తుందో రాదో తెలియదు, యార్డులో ధర పలుకుతుందో లేదో తెలియదు. అయినా నాటుతాం.

కాబట్టి సోదరులారా, ఈ శుక్రవారం ఇంటికి వెళ్లాక పిల్లలతో ఈ మాట చెప్పండి. దేశాలు ఎవరితో పొత్తు పెట్టుకుంటాయో గమనించండి, అన్యాయం ఎక్కడ జరిగినా అన్యాయమనే అనండి. కానీ పక్కింటివాడిని గోగు సైన్యంలోనూ వెయ్యకండి, దజ్జాల్ సైన్యంలోనూ వెయ్యకండి. ఫీజు కట్టవలసి ఉంటే కట్టండి. నారు నాటవలసి ఉంటే నాటండి. ఘడియ సంగతి దాని యజమాని చూసుకుంటాడు.