గ్యాస్ కన్నా ముందు నీటి సంగతి తేల్చండి

అమెరికాలోని వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో పరుచుకున్న పౌడర్ రివర్ బేసిన్‌కు కొత్త ఆశ చూపిస్తున్నారు. బొగ్గుపొరల్లోని సూక్ష్మజీవులకు పోషకాలు అందిస్తే, గ్యాస్ తగ్గిపోయిన పాత బావుల్లోనే మళ్లీ మీథేన్ పుడుతుందట. మోంటానాలోని బర్నీ దగ్గర శాస్త్రవేత్తలు దీన్ని అధ్యయనం చేశారు. కొత్త బావులు తవ్వే అవసరం తగ్గుతుంది కాబట్టి పద్ధతి మెరుగైనదే. అలాగని కళ్లు మూసుకుని అనుమతులిస్తే ప్రమాదం.

ఈ నేల ఇప్పటికే ఒకసారి దెబ్బతింది. బొగ్గులోని గ్యాస్‌ను నీటి ఒత్తిడి పట్టి ఉంచుతుంది. అది వదలాలంటే ముందు నీరు తోడాలి. ఆ నీటిలో సోడియం ఎక్కువ. బంకమట్టి పొలానికి పారిస్తే మట్టి రంధ్రాలు పూడుకుపోతాయి. తడిస్తే జిగురు, ఆరితే పెంకు. అమెరికాలోనే మరో గ్యాస్ ప్రాంతమైన శాన్ హువాన్ బేసిన్‌లో ఇలాంటి నీటిని ఎక్కువగా లోతు పొరల్లోకి తిరిగి పంపారు. పౌడర్ రివర్‌లో మాత్రం చాలామటుకు వాగుల్లోకి, గుంటల్లోకి వదిలేశారు.

గ్యాస్ ధర పడిపోయాక కంపెనీలు చేతులెత్తేశాయి. దిక్కులేని బావులను పూడ్చే భారం ప్రభుత్వం నెత్తిన పడింది. సూక్ష్మజీవుల పద్ధతినే నమ్ముకున్న లూకా టెక్నాలజీస్ కూడా 2013లో దివాలా తీసింది. ఫెడరల్ భూముల్లో బావులు పూడ్చే ఖర్చుకు హామీగా కంపెనీ ఒక లీజుకు కట్టాల్సిన కనీస పూచీ 1960 నుంచీ 10,000 డాలర్లే. 2024లో గానీ దాన్ని 1,50,000కు పెంచలేదు.

కంపెనీల మాట మీద నమ్మకమూ చాలదు. బొగ్గుపొరలకు పగుళ్లు పెట్టేందుకు వాటిలోకి డీజిల్ పంపబోమని 2003లో మూడు పెద్ద కంపెనీలు స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి. రెండేళ్లకే, డీజిల్ ఒక్కటి తప్ప మిగతా పగుళ్ల ద్రవాలన్నిటినీ తాగునీటి చట్టం నుంచి మినహాయించారు.

ఇప్పుడు పోషకాలు పంపబోయే పొరలే చాలాచోట్ల రైతులకూ పశువులకూ నీటి ఆధారం. అందుకే అనుమతికి ముందే నాలుగు తేలాలి: చుట్టుపక్కల బావుల నీటి పరీక్ష, లోపలికి పంపే ప్రతి పదార్థం పేరు, బయటికొచ్చే నీరు వెళ్లే చోటు, బావి పూడ్చడానికి సరిపడా డబ్బు. రేపు ఇదే పద్ధతి సింగరేణి ప్రాంతానికి వచ్చినా అడగాల్సినవి ఇవే.

రైతులు మాత్రం అనుమతుల సంగతి తేలేదాకా ఆగొద్దు. సోడియం, మీథేన్ పరీక్షలు నేడే చేయించి కాగితం దాచుకోండి. పనులు మొదలయ్యాక నీరు పాడైతే, అంతకుముందు బాగుండేదని రుజువు చేయాల్సింది మీరే.