సంతకము అభిప్రాయమగునా?

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములందు కనీసము ముప్పాతికమంది తల్లిదండ్రులో సంరక్షకులో యుండవలెననియు, సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెననియు 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 21వ విభాగమున విధించినది. బడి నడుచు తీరును, ధనవ్యయమును కనిపెట్టుట వారి విధి. కాని తీర్మానము ముందే వ్రాసియుంచి తల్లిచేత వ్రేలిముద్ర వేయించుకొనుట అభిప్రాయసేకరణమా? మధ్యాహ్న భోజనము తిను బిడ్డను అన్నము ఉడికినదా యని యడుగని తనిఖీ యేపాటిది?

“చదువురానివారికేమి తెలియు”నందురు. పాఠము తెలియకపోవచ్చును, బిడ్డ బడికి పోనని యేల యేడ్చుచున్నదో తల్లికి తెలియదా? చెప్పినచో బిడ్డపై కక్షగట్టుదురన్న భయమే ఆమె నోరు కట్టుచున్నది.

మేము కోరునది యింతే: పిల్లల మాట పేరడుగక వినుడు, తల్లుల మాట వారు పలికినట్లే వ్రాయుడు, దానికేమి చేసితిరో మరుసటి సభలో చదివి వినిపింపుడు. అడిగి యూరకుండుట అడుగకుండుటకంటె అవమానము.