క్యాలెండరు మారితే ఎండ తగ్గుతుందా?

వచ్చే వారం జహ్రాలో ఎండ ఎలా ఉంటుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆగస్టు 31న ఎలా కాస్తుందో సెప్టెంబరు 1న కూడా దాదాపు అలాగే కాస్తుంది. సెప్టెంబరు మొదట్లో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే. మారేదల్లా ఒక్కటే. జూన్ 1 నుంచి మనకున్న మధ్యాహ్నం విరామం ఆగస్టు 31తో అయిపోతుంది. ఎండ మాత్రం అయిపోదు.

ఈ నిబంధన 2015 నాటి 535 నంబరు ఉత్తర్వుతో వచ్చింది. మూడు నెలల పాటు పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎవరినీ బయట ఎండలో పని చేయించకూడదు. మనం షూన్ అని పిలిచే మ్యాన్‌పవర్ అథారిటీ వాళ్ళు సైట్లు తనిఖీ చేస్తారు. రోజుకి ఐదు గంటలంటే మంచి నిబంధనే, కాదనను. దుబాయ్ వైపు మధ్యాహ్నం రెండున్నర గంటలే. కానీ అక్కడా, సౌదీలోనూ, ఖతార్‌లోనూ విరామం సెప్టెంబరు 15 దాకా ఉంటుంది. మనకే రెండు వారాలు తక్కువ. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదై ప్రపంచ రికార్డుల్లోకెక్కిన దేశం మనం పనిచేస్తున్న ఈ కువైటే. ఇక్కడ ఆ రెండు వారాలు చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి. ఫోన్లో కనిపించే 44 నీడలో కొలిచిన లెక్క. ముత్లా సైట్లో ఎండలో పడున్న ఇనుప కడ్డీని అడిగితే వేరే లెక్క చెబుతుంది. పైగా ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం వైపు గాలి తిరిగితే ఉక్కపోత మొదలవుతుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఒక్కోసారి 48 డిగ్రీల పొడి ఎండ కన్నా 40 డిగ్రీల ఉక్క మనిషిని తొందరగా పడగొడుతుంది. ఖతార్ ఈ సంగతి గుర్తించింది. వేడి, తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి లెక్కగట్టే సూచిక 32.1 దాటితే ఏ గంటలోనైనా బయట పని ఆపాలని 2021లో నిబంధన పెట్టింది. అక్కడ గడియారంతో పాటు ఎండను కూడా చూస్తున్నారు. ఇక్కడా అదే కావాలని మన సంఘాలు అడగాలి.

ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళ మాటేమిటి? మధ్యాహ్నం విరామం 18 నంబరు వీసా వాళ్ళు పనిచేసే ప్రైవేటు రంగానికే. 20 నంబరు వీసా మీద ఉన్న మనిషి మిట్టమధ్యాహ్నం కారు కడిగినా, మిద్దె ఊడ్చినా అడిగేవాళ్ళు లేరు. వాళ్ళకి 2015 నాటి 68వ చట్టం ఉంది. రోజుకి 12 గంటలకు మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికో రోజు సెలవు. ఎండ గురించి మాత్రం ఇందులో గంటల లెక్క లేదు. ఎండ వీసా నంబరు చూసి కాయదు కదా.

నిబంధన మారేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. సెప్టెంబరులోనూ లేబర్ చట్టం ప్రకారం వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, కనీసం గంట విరామం ఇవ్వాలి. ఆ గంట మధ్యాహ్నమే ఇమ్మని, పని తెల్లారుజామునే మొదలుపెట్టమని నలుగురూ కలిసి ఫోర్‌మన్‌ని అడగండి. ఒక్కరు అడిగితే గొడవంటారు, నలుగురు అడిగితే వింటారు. ఈ నెలాఖరు దాకా మాత్రం 11 తర్వాత ఎండలో నిలబెడితే తేదీ, టైము, సైటు పేరు రాసిపెట్టుకోండి. షూన్‌కి వెళ్ళినప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఊరెళ్ళి వచ్చినవాళ్ళు, కొత్తగా దిగినవాళ్ళు మొదటి వారం పది రోజులు బరువు పని తగ్గించుకోండి. ఒంటికి ఎండ అలవాటు కావడానికి ఆ టైము పడుతుంది. రాయచోటి ఎండలు చూసొచ్చాం, మాకేం కాదు అనుకోవద్దు. ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు పగటి డిగ్రీల దగ్గరే ఆగకండి. తేమ ఎంతో చూడండి, రాత్రి ఎంతకు దిగుతుందో చూడండి. రాత్రి కూడా చల్లబడకపోతే తెల్లారేసరికి ఒళ్ళు సగం అలిసిపోయే ఉంటుంది.

పక్కనున్న మనిషి మాట తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది నీరసం కాదు, వడదెబ్బ. వెంటనే 112కి ఫోన్ చేయండి. నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోస్తూ గాలి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు.

ఇక్కడి అరబ్బులు సుహైల్ నక్షత్రం కనిపిస్తే ఎండాకాలం చివరికొచ్చిందంటారు. మనం అగస్త్య నక్షత్రం అనేది దాన్నే. అది కనిపించాక కూడా పగటి వేడి తగ్గడానికి వారాలు పడుతుంది. వచ్చే ఏడు జూన్ లోపల ఈ సెప్టెంబరు 15 మాట అడగాలంటే, ఈ రెండు వారాల్లో మన సైట్లలో ఏం జరిగిందో రాసి ఉంచుకోవాలి. ఆ రాత పని ఈ వారమే మొదలుపెడదాం.