తల్లికి 13 వేలు, బిడ్డకు ఒకటే దారి

2025 జూన్ 12న బడులు తెరిచిన రోజే ఆంధ్రప్రదేశ్‌లో ‘తల్లికి వందనం’ పథకం డబ్బు విడుదలైంది. 67.27 లక్షల మంది పిల్లలు, 8,745 కోట్ల రూపాయలు. బిడ్డకు 15 వేలని చెప్పి, 2 వేలు బడి నిర్వహణకు పట్టుకుని 13 వేలు తల్లి ఖాతాలో వేశారు. ఆ 2 వేలు ఎవరి జేబులోకి పోయాయని పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. దీనికి ముందున్న అమ్మఒడి పథకం కాలంలోనూ ఇదే కోత, ఇవే తిట్లు. తిట్టేవాళ్లూ తిట్లు తినేవాళ్లూ మాత్రమే తారుమారయ్యారు. ఇంత రచ్చలో అడగాల్సిన మాట ఒక్కరి నోటా రాలేదు. కర్ణాటక సరిహద్దులోని చిలమత్తూరు మండలంలో చెనిక్కాయ సేద్యం చేసుకునే తల్లి, ఆ 13 వేలు చేతిలో పెట్టుకుని బిడ్డను ఏ బడిలో చేర్చగలదు?

మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త 1955లో ఒక ఆలోచన చెప్పాడు. చదువుకయ్యే ఖర్చు సర్కారే పెట్టాలి గానీ, ఆ డబ్బును బడికి కాకుండా బిడ్డ పేరున ఇవ్వాలి, తల్లిదండ్రులు నచ్చిన బడిలో దాన్ని చెల్లించుకోవాలి అన్నాడు. దాన్నే వోచరు అంటున్నారు. ఆ పేరు వింటేనే మన మేధావులు ఉలిక్కిపడతారు, ప్రైవేటీకరణ అని గోల పెడతారు. కానీ 2020 జనవరిలో చిత్తూరులో అమ్మఒడి మొదలుపెట్టిన నాడే, సర్కారు బడి పిల్లలకూ ప్రైవేటు బడి పిల్లలకూ ఒకే లెక్కన డబ్బు ఇవ్వడం మొదలైంది. ప్రజల సొమ్ము ప్రైవేటు బడికి పోవచ్చా అన్న వాదం ఆ రోజే ముగిసింది. ఆ రోజు ఉలిక్కిపడినవాళ్లెవరూ కనిపించలేదు. పోనీ సర్కారుకైనా లెక్క ఉందా అంటే, పల్లెలో ఒక బిడ్డ చదువుకు అది మూడు ధరలు కట్టింది. 2021లో జీవో 53 పంచాయతీల్లోని ప్రైవేటు ప్రాథమిక బడి ఫీజు 10 వేలు దాటకూడదంది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదలకిచ్చే 25 శాతం సీట్లకు 2023లో పల్లెల్లో 6,500 అంది, అదీ అమ్మఒడి డబ్బులోంచే కట్టుకోమంది. 2025లో తల్లికి వందనం కింద 13 వేలు. మొదటి రెండు ధరలకైనా సరిపోయే డబ్బు తల్లి చేతిలో ఉంది. లేనిదల్లా ఆ డబ్బుతో బడి తలుపు తట్టి సీటు అడిగే హక్కు.

వోచరు వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లు అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. దేశంలో ఇంత పకడ్బందీగా దీన్ని పరీక్షించింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2008లో 5 జిల్లాల్లో 180 పల్లెలు తీసుకున్నారు. ముందు పల్లెలకు లాటరీ వేశారు, ఆ పైన పిల్లలకు వేశారు. సర్కారు బడి పిల్లలు వోచరుతో ఊళ్లోని ప్రైవేటు బడికి మారారు. నాలుగేళ్లు గమనించాక కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు అచ్చువేశారు. తెలుగులో, లెక్కల్లో వోచరు దొరికిన పిల్లలూ దొరకని పిల్లలూ సమానం. ఇది చూసే వోచరు విఫలమైందని చంకలు గుద్దుకున్నవాళ్లున్నారు. ప్రయోగంలో పాలుపంచుకున్న అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ నుంచే, ప్రైవేటు బడి మేలైనదేమీ కాదన్న వ్యాసం వచ్చింది. కాసేపు ఒప్పుకుందాం. కానీ ఆ ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ సర్కారు బడి కంటే తక్కువ సమయం కేటాయించి ఆ సమాన మార్కులు తెచ్చాయి. మిగిలిన సమయంలో హిందీ వంటివి చెప్పాయి, హిందీలో పిల్లలు స్పష్టంగా ముందున్నారు. దీనికంతా అయిన ఖర్చు, సర్కారు ఒక బిడ్డ మీద పెట్టేదాంట్లో మూడో వంతు కూడా లేదు. మూడు రూపాయల సరుకు రూపాయికి దొరుకుతుంటే, నాణ్యత ఒకటే కదా అని పెదవి విరిచే గిరాకీని సంతలో ఎవరైనా చూశారా? వెనకబడిపోతారని అందరూ కన్నీరు పెట్టిన సర్కారు బడి పిల్లలకు నష్టమేమీ జరగలేదని కూడా ఆ లెక్కల్లోనే ఉంది.

తల్లిదండ్రులకు బడి ఎంచుకోవడం రాదు, టై, బెల్టు, ఇంగ్లీషు బోర్డు చూసి పడిపోతారు అన్నది ఇంకో వాదన. ఇందులో నిజం లేకపోలేదు. ఆ ప్రయోగంలోనే, తెలుగు మీడియం ప్రైవేటు బడిలో చేరినవాళ్ల కంటే ఇంగ్లీషు మీడియానికి మారినవాళ్లకు మేలు తక్కువ జరిగిందన్న సూచనలున్నాయి. మరి తెలుగు మీడియం ప్రైవేటు బడి ఇవాళ ఏ పల్లెలో మిగిలింది? సర్కారు బడిలోనైనా మిగల్చకూడదని 2019 నవంబరులో జీవో 81 తెచ్చిందీ సర్కారే. మీడియం ఎంచుకునే హక్కును ఒక్క కాగితంతో లాక్కున్నవాళ్లు తల్లిదండ్రుల తెలివి గురించి మాట్లాడకూడదు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేశాక ఇంటింటికీ తిరిగి అడిగారు, 96.17 శాతం ఇంగ్లీషే కావాలన్నారని చాటుకున్నారు. సరే, వాళ్ల ఇష్టం వాళ్లది. తతిమ్మా వందకు నలుగురి మాటేమిటి? ఇటు తెలుగు, అటు కన్నడం, ఇంట్లో ఉర్దూ ఉన్న ఈ సరిహద్దు మండలాల్లో ఆ నలుగురి గోడు వినాల్సిన అవసరం మరీ ఎక్కువ. 

అసలు అడ్డంకి వేరే ఉంది, దానికి వోచరు వాదులు కూడా సరిగా జవాబు చెప్పరు. మెట్ట పల్లెల్లో ఎంచుకోవడానికి రెండో బడి ఎక్కడుంది? జీవో 117తో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించి, 2025లో దాన్ని రద్దు చేసి మళ్లీ బడులను కొత్త రకాలుగా విడదీశారు. పిల్లలు మాత్రం నడుస్తూనే ఉన్నారు. కాబట్టి వోచరులో ఫీజుతో పాటు బస్సు చార్జీ కలవాలి. అది సర్కారు బడికీ చెల్లాలి, పక్క మండలంలోని మంచి హైస్కూలును ఎంచుకునే వీలుండాలి. హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో 1972లో పెట్టిన గురుకులంలో సీటు కోసం ఇప్పటికీ పోటీ ఉందంటే జనానికి సర్కారు బడి మీద కోపం లేదనే. అయితే అక్కడ పరీక్ష పెట్టి బడే బిడ్డను ఎంచుకుంటుంది. చిలీ దేశం 1981లో వోచర్లు పెట్టి ఈ తప్పే చేసింది. బడులు తమకు నచ్చిన పిల్లల్ని ఏరుకున్నాయి, పై ఫీజులు వసూలు చేశాయి, చివరికి 2015లో చట్టం చేసి ఆపాల్సి వచ్చింది. మనం లాటరీతో మొదలుపెడితే ఆ ముప్పయ్యేళ్లు మనకు మిగులుతాయి.

డబ్బు సకాలంలో రాకపోతే ఏ వోచరైనా చిత్తుకాగితమే. ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ఒక రకం వోచరే. బకాయిలు పేరుకుపోయి, కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటే పిల్లలు వాటి చుట్టూ తిరగడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, ముఖ్యమంత్రి మంజూరు చేసింది ఖజానాలో ఆగుతుంది. ఇక ఇక్కడి పిల్లలకు ఇంకో చిక్కు. వాన పడని ఏడాది తల్లిదండ్రులు బెంగళూరుకు కూలికి పోతారు. కొడికొండ చెక్‌పోస్టు దాటి అక్కడి బడిలో చేరిన బిడ్డకు మన డబ్బు రాదు. బిడ్డతో పాటు వెళ్లాల్సిన సొమ్ము చెక్‌పోస్టు దగ్గరే దిగిపోతుంది.

చదువు పేరు చెప్పి ఈ నేల నుంచి తీసుకున్నది మాత్రం తక్కువేమీ కాదు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే ప్రాజెక్టు కోసమని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు ఇచ్చారు. నాలెడ్జ్ అన్న మాట కాగితాల మీదే ఉండిపోయింది, భూముల సంగతి బ్యాంకులూ కోర్టులూ చుట్టి వచ్చింది. వోచరును ముందు ఎక్కడ పరీక్షించి చూద్దామని సర్కారుకు సందేహం వస్తే, ఆ రెండు మండలాలతోనే మొదలుపెట్టవచ్చు. అక్కడి రైతులు చదువుకు కట్టాల్సిన ఫీజు ఎకరాల్లో ఎప్పుడో కట్టేశారు.